మేడిపండులో భాగస్వామి

మేడిపండు అనగానే మనకి గుర్తొచ్చేది వేమన. పైకి నిగనిగలాడే పండు, లోపల పురుగులు. స్కూల్లో ఆ పద్యం అప్పజెప్పకుండా బయటపడ్డ తెలుగు పిల్లలు ఎవరూ ఉండరనుకుంటా. అందుకే 1960లో అమెరికాలో అచ్చయిన ఒక కంప్యూటర్ పరిశోధనా వ్యాసం అత్తిచెట్టుతోనూ, దాని కాయలో ఉండే పురుగుతోనూ మొదలవడం చూసి మొదట నవ్వొచ్చింది నాకు.

అది రాసినాయన జె.సి.ఆర్. లిక్‌లైడర్. ఇంజనీరు కాదు, మనస్తత్వ శాస్త్రవేత్త. వ్యాసం పేరుని తెలుగులో 'మనిషి-కంప్యూటర్ సహజీవనం' అనొచ్చు. (మన పేపర్లలో ఈ మాటకి ఇప్పుడు వేరే అర్థం స్థిరపడిపోయింది. మీరు మాత్రం ఇంటర్ బోటనీలో చదువుకున్న అర్థంలోనే తీసుకోండి.) ఆయన చెప్పే పురుగు కందిరీగల జాతిది, చాలా చిన్నది. అది లోపలికి దూరకపోతే చెట్టుకి పరాగసంపర్కం లేదు. చెట్టు లేకపోతే పురుగుకి తిండీ లేదు, గుడ్లు పెట్టడానికి చోటూ లేదు. ఆయన ఉదాహరణ అంజీర్‌ది. మన మేడి కూడా అదే కుటుంబం, దానిదీ ఇలాంటి కథే. అంటే వేమన ఏవగించుకున్న ఆ పురుగులు పండుకి పట్టిన తెగులు కాదు. అవి లేకపోతే అసలు ఆ చెట్టుకి విత్తనమే లేదు.

మనిషీ కంప్యూటరూ అలా కలిసి బతకాలన్నది లిక్‌లైడర్ ఊహ. అప్పటికి కంప్యూటర్ అంటే ఒక గది నిండా ఉండే యంత్రం. కార్డుల మీద లెక్క రాసి ఇచ్చి, మర్నాడు వచ్చి జవాబు తీసుకెళ్లాలి. దానితో కూర్చుని మాట్లాడుకుంటూ ఆలోచించడం అనే మాటే ఆ రోజుల్లో వింత.

ఆ ఊహకి ఆయన్ని తీసుకెళ్లింది ఒక చిన్న లెక్క. 1957 వసంతంలో, వేసవిలో తన పనిని తనే గమనించుకున్నాడు. ఎంతసేపు దేనిమీద పోతోందో రాసుకున్నాడు. 'ఆలోచించడం' అని తను పిలుచుకునే సమయంలో దాదాపు 85 శాతం నిజానికి ఆలోచన కాదని తేలింది. కాగితాలు వెతకడం, అంకెల్ని ఒక కొలమానంలోంచి ఇంకోదాంట్లోకి మార్చడం, గ్రాఫులు గీయడం, గీయించడం. గంటల తరబడి గ్రాఫులు గీసేవాడు. గీయడం అయ్యాక, చూడగానే సంగతి తెలిసిపోయేది. ఇంకా బాధాకరమైన విషయం కూడా ఒప్పుకున్నాడు: ఏ ప్రశ్న మీద పని చెయ్యాలి అన్నది తన మేధకి అది సాధ్యమా అన్నదాన్ని బట్టి కాకుండా, గుమాస్తా పని ఎంత పడుతుంది అన్నదాన్ని బట్టి తేల్చుకుంటున్నాడట. కాబట్టి ఆ 85 శాతం యంత్రానికి ఇచ్చేద్దాం, ప్రశ్న వెయ్యడం, తీర్పు చెప్పడం మన దగ్గర ఉంచుకుందాం అన్నది ప్రతిపాదన.

మనిషి, కృత్రిమ మేధ కలిసి పనిచెయ్యడం గురించి ఈరోజు జరుగుతున్న పరిశోధనంతా ఏదో ఒక దారిలో ఈ లెక్క దగ్గరికే వస్తుంది. దశాబ్దానికి పైగా కోడ్ రాసి బతుకుతున్నవాణ్ణి, గత రెండేళ్లుగా నా పక్క కిటికీలో ఒక యంత్రం కూర్చుని నా 85 శాతం చేసిపెడుతోంది. అందుకని ఈ చరిత్ర నాకు వట్టి చరిత్రలా అనిపించదు.

లిక్‌లైడర్ వ్యాసంలో చాలామంది దాటేసే పేరా ఒకటుంది. ఈ సహజీవనం శాశ్వతమని ఆయన ఎక్కడా అనలేదు. ఎప్పటికైనా ఆలోచనలో యంత్రాలదే పైచేయి అవుతుందని వాదించేవాళ్లతో గొడవ పెట్టుకోనని ఒప్పేసుకున్నాడు. ఈ మధ్యలో ఉన్న కాలమే మనది అన్నాడు. యంత్రాలు సొంతంగా సైనిక ప్రాధాన్యమున్న ఆలోచన చెయ్యడానికి 1980 దాకా పడుతుందని అప్పట్లో వాయుసేన కోసం చేసిన ఒక అధ్యయనం అంచనా వేసింది. దాన్ని పట్టుకుని, కలిసి పనిచేసే పద్ధతి తయారవడానికి ఒక ఐదేళ్లు పోతే, వాడుకోవడానికి పదిహేనేళ్లు మిగులుతాయని లెక్కగట్టాడు. ఆ పదిహేను పది కావచ్చు, ఐదొందలూ కావచ్చు. ఎన్నయినా సరే, మేధకి సంబంధించినంత వరకు మానవ చరిత్రలో అంత ఉత్సాహంగా గడిచే ఏళ్లు ఇంకోటి ఉండవని రాశాడు. తన ఆలోచన గడువు ముగిసే తేదీని తనే రాసిపెట్టిన పరిశోధకుణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు.

1962లో ఆయన అమెరికా రక్షణశాఖకి చెందిన ఆర్పాలో చేరాడు. చేతిలో డబ్బుంది, పంచాడు. డగ్లస్ ఎంగెల్‌బార్ట్‌కి కూడా అక్కణ్ణించే సాయం అందింది. మౌస్, తెర మీద కిటికీలు, ఒకే పత్రం మీద ఇద్దరు దూరం నుంచి పనిచెయ్యడం, ఇవన్నీ 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎంగెల్‌బార్ట్ ఒకే ప్రదర్శనలో చూపించాడు. ఆ కథ చాలాసార్లు చాలామంది చెప్పారు, నేను మళ్లీ చెప్పను. నాకు కావలసింది, ఈ భాగస్వామ్యం నిజంగా పనిచేస్తుందా అని అంకెల్లో కొలవగలిగిన చోటు. అలాంటిది చదరంగం.

1997 మే నెలలో నాకు ఏడేళ్లు. మా నాన్న పేపర్లో వార్త చదివి, "కాస్పరోవ్‌ని కంప్యూటర్ ఓడించిందట, ఇంక చదరంగం పని అయిపోయినట్టే" అన్నారు. అంతకుముందు నెలే నాకు గుర్రం ఎలా నడుస్తుందో నేర్పారాయన. నేర్చుకోగానే ఆట అయిపోయిందనడం నాకు పెద్ద అన్యాయంగా తోచింది.

ఆ పోటీలో డీప్ బ్లూ 3.5–2.5 తేడాతో గెలిచిందన్నది అందరికీ తెలుసు. మొదటి ఆటలో జరిగింది మాత్రం చాలా ఏళ్లకి గానీ బయటికి రాలేదు. 44వ ఎత్తులో డీప్ బ్లూ తన ఏనుగుని ఎవరికీ అర్థంకాని చోటికి జరిపింది. ఆ ఆట కాస్పరోవే గెలిచాడు, కానీ ఆ ఎత్తు ఆయన్ని వదల్లేదు. యంత్రం అలా ఆడిందంటే మనకి కనబడనంత దూరం చూసి ఆడి ఉండాలని ఆయన బృందం ఆ రాత్రి తేల్చుకుంది. అసలు సంగతి డీప్ బ్లూ తయారు చేసినవాళ్లలో ఒకడైన ముర్రే క్యాంప్‌బెల్ తర్వాత రచయిత నేట్ సిల్వర్‌కి చెప్పాడు. అది బగ్. ఏ ఎత్తు ఎంచుకోవాలో తేల్చుకోలేక ప్రోగ్రాం ఇరుక్కుపోయి, చేతికందిన ఎత్తు ఏదో వేసేసింది. మర్నాడు రెండో ఆటలో కాస్పరోవ్ ఓటమి ఒప్పుకుని లేచి వెళ్లిపోయాడు. ఆయన ఒప్పేసుకున్న స్థితిలో డ్రాకి దారి ఉందని విశ్లేషకులు ఆ తర్వాత చూపించారు. మొదటి రోజు బగ్ వల్లే రెండో రోజు ఓడాడని ఎవరూ రుజువు చెయ్యలేరు, సిల్వర్ వాదన మాత్రం అదే. బగ్‌ని చూసి జ్ఞానం అనుకోవడం ఎంత సులువో నాకు తెలుసు కాబట్టి నేను నమ్ముతాను.

ఓడినవాడు ఆ తర్వాత చేసిన పని నాకు గెలుపు కంటే పెద్దదిగా కనిపిస్తుంది. ఏడాది దాటాక, 1998 జూన్‌లో, స్పెయిన్‌లోని లియోన్ నగరంలో కాస్పరోవ్ కొత్త ఆట పెట్టించాడు. బల్లకి అటొకడు ఇటొకడు, ఇద్దరి పక్కనా ఒక్కో కంప్యూటర్. అడగొచ్చు, చూడొచ్చు, ఆఖరి ఎత్తు మాత్రం మనిషే వెయ్యాలి. దీనికి 'అడ్వాన్స్‌డ్ చెస్' అని పేరు పెట్టాడు. ప్రత్యర్థి వెసెలిన్ తొపలోవ్. నెల ముందే మామూలు ర్యాపిడ్ ఆటలో కాస్పరోవ్ ఇతన్ని 4–0తో చిత్తు చేశాడు. లియోన్‌లో 3–3. ఎత్తుల లోతు లెక్కగట్టడంలో తనకున్న ఆధిక్యాన్ని ప్రత్యర్థి పక్కనున్న పెట్టె తుడిచిపెట్టేసిందని కాస్పరోవే రాసుకున్నాడు. మరుసటి ఏడాది అక్కడే మన విశ్వనాథన్ ఆనంద్, కార్పోవ్‌ని 5–1తో ఓడించాడు. కార్పోవ్‌కి కంప్యూటర్‌తో పెద్దగా అలవాటు లేదు, ఆనంద్‌కి బాగా ఉంది. ఎవరు గొప్ప ఆటగాడు అన్న ప్రశ్న పక్కకి జరిగి, యంత్రంతో ఎవరికి బాగా కుదురుతుంది అన్న ప్రశ్న అప్పటికే వచ్చేసింది.

ఆ ప్రశ్నకి జవాబు 2005లో వచ్చింది. ఇంటర్నెట్‌లో 'ఫ్రీస్టయిల్' పోటీ పెట్టారు. ఎవరైనా రావచ్చు: ఒంటరి మనిషి, ఒంటరి యంత్రం, ఎంతమంది మనుషులు ఎన్ని యంత్రాలతోనైనా. గ్రాండ్‌మాస్టర్లు వచ్చారు. అబుదాబి వాళ్ల హైడ్రా అనే సూపర్ కంప్యూటర్ వచ్చింది. అదే నెలలో లండన్‌లో హైడ్రా, మైఖేల్ ఆడమ్స్ అనే ప్రపంచ స్థాయి గ్రాండ్‌మాస్టర్‌ని 5.5–0.5తో నలిపేసింది. అలాంటిది ఇక్కడ నిలవలేకపోయింది. గెలిచింది జాక్స్ అన్న పేరుతో ఆడిన జట్టు. తెర తీసి చూస్తే ఇద్దరు కుర్రాళ్లు, అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ నుంచి. రేటింగులు 1685, 1398. చదరంగం తెలియనివాళ్లకి చెప్పాలంటే, అవి కాలనీ టోర్నమెంట్ స్థాయి. వాళ్ల దగ్గర ఉన్నవి మామూలు కంప్యూటర్లు మూడు.

దీన్ని కాస్పరోవ్ 2010లో ఒక వ్యాసంలో సూత్రంగా చెప్పాడు. మామూలు మనిషి, యంత్రం, మంచి పద్ధతి: ఈ మూడూ కలిస్తే గొప్ప యంత్రాన్ని ఓడించొచ్చు. అంతకంటే విచిత్రం, గొప్ప మనిషి దగ్గర యంత్రం ఉండి పద్ధతి సరిలేకపోతే అతన్నీ ఓడించొచ్చు. సాఫ్ట్‌వేర్ కంపెనీల ప్రజంటేషన్లలో ఈ వాక్యం ఎన్నిసార్లు కనబడిందో లెక్కలేదు. దాంతోపాటు సెంటార్ బొమ్మ కూడా. నడుం దాకా మనిషి, కింద గుర్రం, గ్రీకు పురాణాల్లోది. ఇలా జతకట్టి ఆడేవాళ్లకి ఆ పేరే స్థిరపడింది. నాకు మాత్రం ఆ బొమ్మ చూసినప్పుడల్లా మన తుంబురుడు గుర్తొస్తాడు. ఆయనదీ కలగలుపు రూపమే. కాకపోతే తల గుర్రానిది, ఒళ్లు మనిషిది. మనిషినీ గుర్రాన్నీ కలపడం సరే, తల ఎవరిది అన్నది ప్రజంటేషన్లలో ఎవరూ చెప్పరు.

ఆ సూత్రాన్ని వాడుకునేవాళ్లు ఇంకో రెండు విషయాలు కూడా చెప్పరు.

మొదటిది, అది ఎంతోకాలం నిలవలేదు. 2017 డిసెంబరులో డీప్‌మైండ్ వాళ్ల ఆల్ఫాజీరో వచ్చింది. ఆట నియమాలు తప్ప ఏమీ చెప్పలేదు దానికి. తనతో తనే ఆడుకుని, నాలుగు గంటల్లో అప్పటి మేటి ప్రోగ్రాం స్టాక్‌ఫిష్‌ని దాటింది. వంద ఆటల్లో 28 గెలుపులు, 72 డ్రాలు, ఓటమి లేదు. (పోటీ షరతుల మీద గొడవలు జరిగాయి, నిజమే. దిశ మీద ఎవరికీ సందేహం లేదు.) ఇంజన్లని అనుమతించే కరస్పాండెన్స్ చదరంగంలో ఇవాళ పెద్ద పోటీల్లో అత్యధికం డ్రాలే. మనిషి చెయ్యి పెడితే ఆట మెరుగయ్యే రోజులు పోయాయి, చెడకపోతే చాలు. లియోన్ నుంచి చూస్తే ఇరవయ్యేళ్లు. ఒక్క ఆటకి సంబంధించినంత వరకు లిక్‌లైడర్ పదిహేను అంత తప్పు లెక్కేం కాదు.

చదరంగం అవతలా పరిస్థితి ప్రజంటేషన్లలో చూపినంత బాగా లేదు. 2024లో ఎంఐటీ పరిశోధకులు 106 ప్రయోగాల ఫలితాల్ని ఒకచోట చేర్చి చూశారు. సగటున, మనిషి, ఏఐ కలిసి చేసిన పని, ఆ ఇద్దరిలో మెరుగైనవాళ్లు ఒంటరిగా చేసినదాని కంటే తక్కువే. నిర్ణయాలు తీసుకునే పనుల్లో నష్టం కనిపించింది, రాయడం లాంటి సృష్టించే పనుల్లో కొంత లాభం. అందులో నన్ను పట్టుకున్నవి రెండు ఉదాహరణలు. హోటళ్ల మీద దొంగ రివ్యూలు పట్టుకోవడంలో మనిషి 55 శాతం, యంత్రం 73, ఇద్దరూ కలిస్తే 69. పక్షుల ఫొటోలు చూసి ఏ జాతో చెప్పడంలో మనిషి 81, యంత్రం 73, కలిస్తే 90. తేడా ఎక్కడుంది? పక్షుల సంగతి మనుషులకి బాగా తెలుసు. కాబట్టి యంత్రం మాట ఎప్పుడు వినాలో ఎప్పుడు వదిలెయ్యాలో కూడా తెలుసు. రివ్యూల దగ్గర వాళ్లకేమీ తెలియదు. వినాల్సినప్పుడు వినలేదు, వదలాల్సినప్పుడు వదల్లేదు.

రెండోది జాక్స్ గురించి. వాళ్లని 'మామూలు మనుషులు' అని చెప్పుకుంటాం. కాస్పరోవ్ రాసింది జాగ్రత్తగా చదివితే, వాళ్ల గొప్పతనం యంత్రాల్ని నడిపించడంలో, ఒక్కో స్థితిలోకి లోతుగా తవ్వేలా వాటికి తర్ఫీదు ఇవ్వడంలో ఉందంటాడు. అది మూడు కంప్యూటర్లు కొనుక్కోగానే వచ్చేది కాదు. ఏ ప్రోగ్రాం ఎక్కడ బోల్తా పడుతుందో తెలియాలంటే, అది బోల్తా పడ్డ ఆటలు ఎన్నో కూర్చుని చూసి ఉండాలి. లిక్‌లైడర్ వదిలించుకుందామన్న గుమాస్తా పని ఉంది చూశారూ, ఆ కుర్రాళ్లు అదే చేశారు, చదరంగం మీద కాకుండా యంత్రాల మీద.

ఇక్కడే నాకు లిక్‌లైడర్‌తో పేచీ. గ్రాఫులు గీశాక చూడగానే తెలిసిపోయేదన్నాడు కదా. ఎవరికి తెలిసిపోయేది? గంటల తరబడి ఆ గీతలు తనే గీసుకున్నవాడికి. ఆ గంటలు తీసేస్తే ఆ చూపు మిగులుతుందా అని ఆయన అడగలేదు. అడగాల్సిన అవసరం ఆయనకి లేదేమో కూడా, అప్పటికే చూపు వచ్చేసినవాడు. ఆ ప్రశ్న వేరే చోట అడిగింది లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ అనే బ్రిటిష్ మనస్తత్వవేత్త. ఫ్యాక్టరీల్లో కంట్రోల్ రూముల గురించి 1983లో నాలుగైదు పేజీల వ్యాసం రాసిందామె. మామూలు పనంతా యంత్రానికి ఇచ్చి, అది తప్పినప్పుడు పట్టుకోమని మనిషిని కూర్చోబెడతాం. పట్టుకోవాలంటే చేతికి అలవాటుండాలి. ఆ అలవాటునే మనం లాగేసుకున్నాం. పైగా ఏమీ జరగనిదాన్ని గంటల తరబడి కనిపెట్టుకుని ఉండటం మనిషికి బొత్తిగా చేతకాని పని.

మా టీమ్‌లో ఒకబ్బాయి ఉన్నాడు, ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర. పోయిన సంవత్సరం ఒక సర్వీసులో కస్టమర్లకి వెళ్లే మెసేజీలు అప్పుడప్పుడూ పోతున్నాయని ఫిర్యాదు వచ్చింది. అసిస్టెంట్‌ని అడిగితే, జవాబు రాకపోతే మళ్లీ పంపేలా కోడ్ రాసిచ్చింది. శుభ్రంగా ఉంది, టెస్టులు కూడా రాసింది. అబ్బాయి చదివాడు, నాకు పంపాడు. నేను పది నిమిషాలు చూసి ఓకే చేశాను. శుక్రవారం సాయంత్రం రిలీజ్. శనివారం పొద్దున్న కొన్ని వేలమందికి ఒకే మెసేజ్ నాలుగేసి సార్లు వెళ్లింది. అవతలి సర్వర్‌కి మెసేజ్ చేరుతూనే ఉంది, ఆలస్యమవుతున్నది జవాబు మాత్రమే.

"అన్నా, నేను చదివా. కరెక్టే అనిపించింది" అన్నాడు.

నాకూ కరెక్టే అనిపించింది. మా ఇద్దరికీ తేడా ఒకటే. ఎనిమిదేళ్ల కింద సరిగ్గా ఇలాంటి తప్పే నేను సొంతంగా చేసి, మూడు రాత్రులు లాగ్ ఫైళ్లలో దేవులాడాను. కాబట్టి శనివారం ఫోన్ మోగిన ఐదు నిమిషాలకి ఏం జరిగి ఉంటుందో నాకు తట్టింది. శుక్రవారం తట్టలేదన్నది వేరే సిగ్గు. అతనికి ఆ మూడు రాత్రులు లేవు. ఇప్పుడు మేము పనిచేస్తున్న తీరు చూస్తే ఇకమీదట ఉండవు కూడా.

చదరంగం వాళ్లు దీని గురించి మనకంటే ముందు ఆలోచించారనిపిస్తుంది. 2024 డిసెంబరులో సింగపూర్‌లో 18 ఏళ్లకి ప్రపంచ ఛాంపియన్ అయిన గుకేశ్, చెన్నైలో పెరిగిన తెలుగింటి పిల్లాడు. చిన్నప్పుడు అతనికి శిక్షణ ఇచ్చిన విష్ణు ప్రసన్న, రేటింగ్ 2500 దగ్గరికి వచ్చేదాకా ఇంజన్ ముట్టుకోనివ్వలేదు. అతని ఈడు పిల్లలందరూ పొద్దున్న లేవగానే ఇంజన్ తెరుస్తున్న రోజుల్లో ఇతను బల్ల ముందు కూర్చుని తన తలతోనే లెక్కలు వేసుకున్నాడు. ఇది అందరికీ పనికొచ్చే పద్ధతని నేననను. ఒక్క ఉదాహరణతో ఏదీ రుజువు కాదు, పైగా ఇంజన్లతోనే పెరిగి గెలుస్తున్నవాళ్లు బోలెడంతమంది. ఇంకో సంగతి, అతనూ తర్వాత ఇంజన్లు వాడాడు, వాడకుండా ఆ స్థాయిలో ఎవరూ నిలవలేరు. నాకు ముఖ్యమనిపించింది, యంత్రం ఎంత గొప్పది అన్న లెక్కతో పాటు, దాన్ని ఎప్పుడు తీసుకురావాలి అన్న లెక్క కూడా ఒక గురువు వేశాడన్నది. 106 ప్రయోగాల సమీక్షలో ఆ అంకెలన్నీ అప్పటికప్పుడు చేసిన పనివి. ఐదేళ్లు అలా కలిసి పనిచేశాక ఆ మనిషి ఏమవుతాడన్నది వాటిలో కనబడదు.

ఈమధ్య మళ్లీ అలాంటి బగ్ ఒకటి వచ్చింది. మెసేజీలు కాదు, తారీఖులు తప్పు పడుతున్నాయి. ఈసారి అసిస్టెంట్ లేకుండా చూడమని అబ్బాయికి చెప్పాను. మొదటిరోజు ముఖం మాడ్చుకున్నాడు. రెండోరోజు వైట్‌బోర్డు నిండా బాణాలు గీశాడు, సగం తప్పు. మూడోరోజు మధ్యాహ్నం నా సీటు దగ్గరికి వచ్చి, "అన్నా, ఇక్కడ కాదు బగ్, ఇంకా ముందే ఉంది" అని చూపించాడు. ఆ 'ఇంకా ముందే' నేను కూడా అనుకోలేదు.

గంట పనికి మూడు రోజులు ఎందుకు పట్టిందని మా మేనేజర్ టికెట్ కింద అడిగింది. ప్రశ్న న్యాయమైనదే, ఆవిడ పైవాళ్లకి అంకెలు చూపించుకోవాలి. వారమైంది, జవాబు పెట్టె తెరిచే ఉంది. రెండుసార్లు రాసి చెరిపేశాను.